బాపు చేసిన పింగాణీ తూనీగ

పింగాణీ అంటే చాలామందికి చాయ్ సాసర్లు, ఊరగాయ జాడీలు గుర్తుకొస్తాయి. నాకు కరెంటు స్తంభం గుర్తుకొస్తుంది. స్తంభం కొసన తీగకూ ఇనుముకూ మధ్య బోర్లించిన గిన్నెల్లాంటివి ఉంటాయే, కొన్ని తెల్లవి, కొన్ని బెల్లం రంగువి, అవి పింగాణీవే. గోదావరిఖనిలో మేముండే వరస ఇళ్ళ ముందు అలాంటి స్తంభాలు బోలెడు. మా ఇంట్లో పూసిన జిల్లేడు పువ్వులు, వాలిన పిచ్చుకలు, పాకిన పేడపురుగులు అన్నీ ఆ గిన్నెల మట్టిలోంచే పుట్టాయి. వాటిని చేసింది మా బాపు. ఒక దశలో ఈ ముక్క గడప దాటి అనడానికి లేకుండా పోయింది.

బాపు పుట్టుకతో కుమ్మరి. ఊళ్ళోకి సిలవరు గిన్నెలు వచ్చాక కుండలు కొనేవాళ్ళు తగ్గిపోయారు. పెళ్ళికో చావుకో తప్ప మా కుండల సారె తిరిగేది కాదు. అరవైల మొదట్లో ఇక్కడ బొగ్గు బాయిలు తెరుస్తున్నారని తెలిసి, నలుగురితో పాటు వచ్చి పనిలో చేరాడు. గనిని మా దగ్గర బాయి అంటారు. బాయిలో ఆయన పని కప్పు కూలకుండా కింద కర్ర దుంగలు నిలబెట్టడం. కొన్నేళ్ళు బాగానే చేశాడు. ఒకరోజు దుంగ జారింది, దాని కింద ఆయన కుడిచెయ్యి ఉంది. ఎవరి తప్పూ కాదు. దవాఖానలో చిటికెనవేలు, ఉంగరంవేలు తీసేశారు. నడిమివేలు కట్టెలా బిగుసుకుపోయింది. మణికట్టు సగమే తిరుగుతుంది. మిగిలినవి బొటనవేలూ చూపుడువేలూ. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకుతాయి, చిన్నదేదైనా పట్టుకుంటాయి. పిడికిలి మాత్రం పడదు, చెంబు లేవదు.

దెబ్బ మానాక ఆయన్ని కొన్నాళ్ళు బాయి పైన తేలిక పనిలో కూర్చోబెట్టారు. బొగ్గు పేల్చడానికి వేసిన బెజ్జంలో మందు కూరాక దాని నోరు మట్టితో బిగించాలి. ఆ మట్టిని వేలెడు లావు కడ్డీలుగా చుట్టి కిందికి పంపుతారు. ఆ చుట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళు చేసేవారు. వాళ్ళ మధ్య కూర్చున్న బాపును చూసి ఒకామె, "ఏం బావా, కుమ్మరి పని ఇడిసిపెట్టి బాయికి అస్తివి. కుమ్మరి పని నిన్ను ఇడిసిపెట్టకపాయె," అని ఆట పట్టించేదట. బాపు ఆ మాట ఇంటికొచ్చి చెప్పి తనే ఎక్కువ నవ్వేవాడు. దెబ్బ తగిలాక ఆయన నవ్వడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

మా మేనమామ బసంత్‌నగర్ దారిలో ఉన్న చిన్న పింగాణీ కార్ఖానాలో పని చేసేవాడు. కరెంటు గిన్నెలు, ఫ్యూజు కప్పులు అక్కడ తయారయ్యేవి. ఒకసారి మామ ఆ తెల్లమట్టి ముద్ద ఒకటి తడిగుడ్డలో చుట్టి, "బావా, నీ చేతికి కాలక్షేపం," అని తెచ్చి ఇచ్చాడు. బాపు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, నాలుక కొసకు రాసుకున్నాడు. "ఇది మట్టా, ఎన్నపూసనా?" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి ఆయన వేరే లోకంలో పడిపోయాడు.

మొదట చేసింది జిల్లేడు పువ్వు. బొగ్గుకుప్పల పక్కన, రైలు పట్టాల పక్కన, ఏమీ మొలవని చోట మా దగ్గర జిల్లేడే మొలుస్తుంది. దాని రేకు మందంగా మైనంలా ఉంటుంది, నడుమ చిన్న కిరీటం. బాపు పప్పుబద్దంత మట్టిని వేలి మీద పెట్టి బొటనవేలితో ఒక్కసారి నొక్కి జార్చేవాడు. రేకు అయిపోయేది. పిడికిలి పట్టని ఆ చెయ్యి రేకు నొక్కడానికే మిగిలిందా అనిపించేది. ఈనెలు గీయడానికి తుమ్మముల్లు, అంచు మడవడానికి విరిగిన గొడుగు పుల్ల, అతకడానికి అదే మట్టిని పెరుగులా కలిపిన నీళ్ళు. పనిముట్లంటే ఇవే. ఆరేటప్పుడు గాలి తగిలితే పగులుతుందని దాని మీద తడిగుడ్డ కప్పి, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసినట్టు మాటిమాటికీ చూసుకునేవాడు.

ఆరినవాటిని మామ తీసుకుపోయి, గిన్నెలు కాల్చే మట్టి పెట్టెల్లో మిగిలిన సందుల్లో సర్దేవాడు. కార్ఖానా సేటుకు ఇది తెలుసు. చూసి నవ్వి ఊరుకున్నాడని మామ చెప్పేవాడు. గిన్నెలకు పూసే బెల్లం రంగు పూతే మా పిచ్చుకలకూ పురుగులకూ పూత. తెల్లది, బెల్లం రంగు, ఈ రెండే మాకు దొరికేవి. అందుకే మా ఇంట్లో పాలపిట్ట పుట్టలేదు, చిలక పుట్టలేదు. పేడపురుగు మాత్రం ఎంత బాగా వచ్చిందంటే, వీపు నిగనిగలాడుతుంటే మా అవ్వ చీపురు తీసుకుని కొట్టబోయింది.

అవ్వ అంటే మా అమ్మ, మా వైపు తల్లిని అలాగే పిలుస్తాం. ఆమెకు మొదట్లో ఈ వ్యవహారం చూస్తే ఒళ్ళు మండేది. "ఇంట్ల పచ్చిపులుసుకు చింతపండు లేదు గని, ఈయన పురుగులకు రెక్కలు పెడ్తాండు," అని గోడకు చెప్పేది. గోడ అవతలి వాళ్ళకు వినబడాలనే చెప్పేది. కానీ కిటికీలో పెట్టిన పిచ్చుక మీదికి పక్కింటి పిల్లి దూకిన రోజు నుంచి ఆమె మాట మారిపోయింది. తోక విరిగిన పిచ్చుకను కొంగులో పెట్టుకుని వాడంతా తిప్పింది. "పిల్లినే మోసం చేసిండు మా ఆయన," అని ఒకటే మురిసిపోవడం.

నాకు అప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. నేనూ పక్కన కూర్చుని రేకులు నొక్కేదాన్ని. నా రేకులు చూసి బాపు, "ఏం బిడ్డా, గారెలు చేస్తానవా? నూనె పెట్టమంటవా?" అనేవాడు. నాకు చర్రున కోపం వచ్చి ముద్ద పిసికి పడేసేదాన్ని. ఆయన మళ్ళీ నవ్వేవాడు.

అన్నిటికన్నా కష్టపెట్టింది తూనీగ. పింగాణీ కొలిమిలో ఎర్రగా కాగి మెత్తబడుతుంది, ఆ వేడికి పల్చటి రెక్కలు వాలిపోతాయి. మొదటి తూనీగ వానకు తడిసినదానిలా రెక్కలు వాల్చుకుని వచ్చింది. రెండోది రెక్కలే లేకుండా వచ్చింది. బాపు చాలాసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, "కప్పు కింద దుంగ పెట్టకుంటే కూలదా మరి!" అన్నాడు. బాయి బుద్ధి అక్కరకొచ్చింది. అదే మట్టితో సన్నటి దుంగలు చేసి రెక్కల కింద నిలబెట్టాడు. రెక్క ఎంత కుంచించుకుంటే దుంగలూ అంతే కుంచించుకుంటాయి. అంటుకోకుండా మధ్యన కాలిన మట్టి పొడి చల్లాడు. ఈసారి మామ తెచ్చిన తూనీగను దీపానికి అడ్డం పెడితే రెక్కల్లోంచి వెలుతురు కనబడింది. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం, గట్టిగా అంటే అది ఎగిరిపోతుందేమోనన్నట్టు.

అంతలో మెడికల్ బోర్డు పిలుపు వచ్చింది. బోర్డు అంటే డాక్టర్లు కూర్చుని కార్మికుడు బాయి పనికి పనికొస్తాడో లేదో తేల్చడం. మిగతా ఊళ్ళలో ఒక మనిషిని పనికిరాడంటే ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. మా కాలనీలో అన్‌ఫిట్ అయ్యాడంటే కోవా పేడాలు పంచుతారు. ఎందుకంటే అప్పుడు ఆయన నౌకరి కొడుక్కి వస్తుంది. ఫిట్ అన్నారంటే మళ్ళీ కిందికి దిగాలి. పిడికిలి పట్టని చేత్తో దుంగ ఎత్తాలి. దుంగ మళ్ళీ జారితే ఈసారి చేత్తో పోదని మాకందరికీ తెలుసు. మా అన్న చదువు ముగించి, పనికోసం తిరిగి తిరిగి చెప్పులరిగి, ఇంట్లో ఎవరి మొహమూ చూడకుండా అన్నం తినే దశకు వచ్చి ఉన్నాడు. కాబట్టి మా ఇంటి మొత్తానికి కావలసింది ఒక్క మాట, అన్‌ఫిట్.

వాడలో ప్రతివాడూ సలహా ఇచ్చేవాడే. చెయ్యి వణికించమని ఒకడు, మొక్కు మొక్కమని ఒకడు. బాపు అన్నీ విని, "నా చెయ్యి నిజంగనే పోయింది గదరా, నాటకమెందుకు?" అన్నాడు. మాకూ అలాగే అనిపించింది. కానీ మా అవ్వకు ఊరుకుంటే నిద్ర పట్టదు. పెద్దవాళ్ళ దగ్గరికి వట్టి చేతులతో పోకూడదన్నది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న పద్ధతి. బోర్డుకు పెద్దగా ఉన్న డాక్టరు గారి బంగ్లాకు ఒక మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. వట్టి చేతులతో వెళ్ళలేదు. కొత్త తువ్వాలలో చుట్టి తూనీగను తీసుకుపోయింది.

వచ్చాక మొహం వెలిగిపోతోంది. బాపు, అన్న, నేను అరుగు మీద ఉన్నాం.

"డాక్టరమ్మ ఎంత మంచిదనుకున్నరు! తూనీగను సూసి నోరు తెరిసింది. అద్దాల అలమారల పెట్టుకున్నది," అంది అవ్వ. డాక్టరమ్మ అంటే డాక్టరు గారి భార్య.

"ఎవలు చేసిండ్రని అడిగిందా?" అన్నాడు బాపు.

"అడగదా మరి? మా ఆయన చేసిండమ్మా, బోర్డుకు అస్తాండు, జర దొరకు చెప్పుండ్రి అన్న. గా దెబ్బ తాకిన చెయ్యితోనే చేసిండు అని గూడ చెప్పిన."

ముందు అన్నకు అర్థమైంది. లేచి లోపలికి పోయి గోడకు తిరిగి పడుకున్నాడు. తర్వాత నాకు. చివరికి బాపు మెల్లగా అన్నాడు. "కొరివితోని తల గోక్కున్నవు గదనే! గంత సన్నపు రెక్కలు చేసే చెయ్యిని పనికిరాని చెయ్యి అని ఏ డాక్టరు రాస్తడే?"

అవ్వ మొహంలో రంగు మారడం నేను చూశాను. ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, జాలీ వేసింది. మొగుడి గొప్ప చెప్పుకోవడం తప్ప ఆమె చేసిన నేరం ఏమీ లేదు.

బోర్డు రోజు అందరం దవాఖానకు వెళ్ళాం. బాపును లోపలికి పిలిచారు. తలుపు వారగా తెరిచే ఉంది. నేను వరండాలో తలుపు పక్కనే నిలబడ్డాను. డాక్టరు గారి బల్ల మీద మా తువ్వాల, దాని మీద తూనీగ ఉన్నాయి.

"ఇది మా ఇంటికి వచ్చింది. నేను ఇలాంటివి తీసుకోను, వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళు," అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో కోపం లేదు. "అది సరే, దీన్ని చేసింది నువ్వేనటగా?"

బాపు తూనీగ వైపు చూడలేదు. "నేను గాదు దొరా. గీ చెయ్యితోని నేనేం చేస్త? నా బిడ్డ చేసింది."

"మీ ఆవిడ నువ్వే చేశావని చెప్పిందట?"

"ఆడోళ్ళు గట్లనే అంటరు దొరా. మొగడు మంచాన పడ్డా పులే అంటరు."

డాక్టరు నవ్వి, నన్ను లోపలికి రమ్మన్నాడు. "నువ్వా చేసింది?" అని అడిగాడు. "నేనే సార్," అన్నాను. ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో తెలియదు. "ఇంత పల్చటి రెక్కలు కొలిమిలో వాలిపోవూ?" అన్నాడు. పరీక్ష పెట్టడానికి అడిగాడో, నిజంగా తెలుసుకోవాలని అడిగాడో గానీ నేను దుంగల సంగతి చెప్పాను, పొడి సంగతి చెప్పాను. బాపు తల వంచుకుని వింటున్నాడు. తాను చేసినదంతా ఇంకొకరు చేసినట్టు ఆయన ఎదుటే చెప్పడం ఎలా ఉంటుందో నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేను.

తర్వాత చెయ్యి చూశారు. మణికట్టు తిప్పారు, వేళ్ళు లాగారు. డాక్టరు బల్ల మీద పెన్సిల్ పెట్టి తియ్యమన్నాడు. నిన్నా మొన్నా తుమ్మముల్లు పట్టుకుని ఈనెలు గీసిన వేలు పెన్సిల్ దాకా వెళ్ళింది, దాన్ని తాకింది, అంచుదాకా నెట్టి కింద పడేసింది. బాపు నుదుట చెమట పట్టింది.

అన్‌ఫిట్ అన్నారు. ఇప్పుడు ఆలోచిస్తే, పెన్సిల్ ఎత్తినా అన్‌ఫిట్టే అనేవారేమో. పెన్సిల్ ఎత్తిన చెయ్యి దుంగ ఎత్తలేదని డాక్టరుకు తెలియదా? కానీ అడిగి తేల్చుకునే ధైర్యం మాలో ఎవరికుంది? అవ్వ పేడాలు పంచింది. అన్నకు నౌకరి వచ్చింది, మొదట బదిలీ పని మీద, అంటే రానివాళ్ళ బదులు దిగే పని, పర్మనెంట్ కావడానికి ఇంకా సమయం ఉంది.

ఆ సమయమే మాకు గండమైంది. వరస ఇళ్ళు, ఒకటే గోడ, ఎప్పుడూ తెరిచి ఉండే తలుపులు. ముసలాయన చెయ్యి మంచిగనే ఉందట అని ఎవరైనా ఆఫీసులో చెవిన వేస్తే అన్న నౌకరి ఏమవుతుందోనని అవ్వ గుండెలు చేతపట్టుకుని ఉండేది. పాత ధోతి చింపి బాపు కుడిచేతికి కట్టు కట్టింది. "ఇయ్యాల్టి సంది గీ చెయ్యి సచ్చింది పో," అని బాపు నవ్వాడు. ఇంట్లో కూడా విప్పలేదు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినడం నేర్చుకున్నాడు.

మట్టి మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. డాక్టరమ్మకు తూనీగ మీద మనసు పోలేదు. భర్త తిరిగి ఇచ్చేశాడు గనుక, కొనుక్కుంటామని మనిషితో కబురు పంపింది. పిచ్చుకలు కూడా కావాలంది. చేసింది ఆ అమ్మాయే అని దవాఖానంతా తెలిసిపోయింది కదా, ఇక నేను చేయక తప్పలేదు. బాపు గోడకు ఆనుకుని కూర్చుని నోటితో నేర్పేవాడు. "గంత మందమా? జొన్నరొట్టె చేస్తానవా? జార్చు, జార్చాలె. నొక్కి ఆగితే రేకు సస్తది." నేను నొక్కుతుంటే కట్టు లోపల ఆయన బొటనవేలు కదిలేది. మొదట్లో దాన్ని చూసే నేను వేగం తెలుసుకునేదాన్ని. తర్వాత్తర్వాత నా చూపంతా నా రేకు మీదే ఉండేది.

నాకు చెయ్యి తిరిగింది. గునుగు పువ్వు చేశాను, మిడతను చేశాను, గూట్లోంచి నోరు తెరిచిన పిచ్చుక పిల్లల్ని చేశాను. కార్మికుల క్లబ్బులో బల్ల వేసి నా బొమ్మలు పెట్టారు. ఒక పెద్దాయన మైకులో నన్ను మెచ్చుకుని, ఈ కళ ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా అని అడిగాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదని చెప్పాను. వెనక వరసలో బాపు ఎడమచేత్తో తొడ మీద కొడుతూ చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు నాకు వినబడలేదు, చెయ్యి లేవడం మాత్రం కనబడింది.

మూడో ఏడు, అన్న పర్మనెంట్ అయిన రోజు అవ్వ పాయసం వండింది. తిన్నాక ఆమే లేచి పట్టపగలు తలుపు మూసింది. మా ఇంటి తలుపు పగలు మూయడం నాకు తెలిసి అదే మొదలు. బాపు ముందు కూర్చుని కట్టు విప్పింది. చెయ్యి పాలిపోయి, పుల్లలా ఉంది. నేను తడిగుడ్డ తీసి తెల్లమట్టి కొంచెం చిదిమి ఆయన వేలి మీద పెట్టాను.

"ఇగ ఎవలు చూసినా ఫికర్ లేదు బాపూ. చెయ్."

"ఏం చేయాలె?"

"నీ ఇష్టం. ఉత్త రేకే చెయ్యి."

బొటనవేలు కదిలింది. సగం దూరం వచ్చి ఆగింది. బాపు ఊపిరి బిగబట్టాడు, మెడ నరాలు లేచాయి. బొటనవేలు ఇంకా అక్కడే ఉంది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని చూపుడువేలికి ఆనించాడు. వదిలేస్తే మళ్ళీ వెనక్కి పోయింది. మట్టి జారి ఆయన ఒళ్ళో పడింది.

"ఆముదం కాగబెట్టి తోముతా, వారంల మంచిగైతది," అని అవ్వ గబగబా లేచింది. లేచి రెండడుగులు వేసి, పొయ్యి దగ్గరికి పోకుండా అక్కడే కూలబడి ఏడ్చింది. నాకూ దుఃఖం ఆగలేదు. ఇంత పని చేసింది ఆ తెల్లగుడ్డేనని దాన్ని చింపి ముక్కలు చేయాలనిపించింది.

బాపు ఒక్కడే ఏడవలేదు. ఒళ్ళో పడిన మట్టిని ఎడమచేత్తో తీసి, ఎండిపోకుండా నా తడిగుడ్డలో పెట్టాడు.

"డాక్టరు దొర అబద్ధం రాయలె బిడ్డా," అన్నాడు. "జర ముందుగాల రాసిండు, గంతే."